మద్యపానము - పది ప్రశ్నల చరిత్ర

కడుపు నొప్పితోనో, రక్తపు పోటుతోనో, నిద్ర పట్టుట లేదనియో ఆరోగ్య కేంద్రమునకు వచ్చిన రోగిని వైద్యుడు అనేక ప్రశ్నలు అడుగును. ఆకలి ఎట్లున్నది, ఇంటిలో మరెవరికైనను ఈ జబ్బు కలదా, ఇంతకు ముందు ఏ మందులు వాడినారు అని విచారించును. "వారమునకు ఎన్ని దినములు త్రాగుదురు? త్రాగిన దినమున ఎంత త్రాగుదురు?" అను ప్రశ్న మాత్రము వైద్యుని నోట వచ్చుటకు చాల కాలము పట్టినది. త్రాగుడు నీతికి సంబంధించిన విషయమనియు, దానిని చక్కదిద్దవలసినవారు కుటుంబ పెద్దలు, మతాచార్యులు, పోలీసులు అనియు లోకము తలచెను. త్రాగుబోతు వైద్యుని వద్దకు చేరునాటికి అతని కాలేయము గట్టిపడియో, మతి చలించియో ఉండెడిది. అప్పుడు చేయగలిగినది స్వల్పము.

ఈ నాడు ప్రపంచ ఆరోగ్య సంస్థ పది చిన్న ప్రశ్నల పట్టిక నొకదానిని వైద్యుల చేతికి ఇచ్చినది. పల్లెలోని ఆరోగ్య కార్యకర్త కూడ దానిని ఉపయోగించవచ్చును. చూచుటకు సులభముగా నున్న ఈ పది ప్రశ్నల వెనుక సుమారు మూడు వందల సంవత్సరముల ఆలోచన యున్నది. "త్రాగుబోతు ఎవడు?" అను ప్రశ్నను విడిచి, "ఎవరు ఎంత త్రాగుచున్నారు, దానివలన ఎంత హాని కలుగుచున్నది?" అను ప్రశ్నకు వైద్యశాస్త్రము వచ్చి చేరిన కథయే ఈ చరిత్ర.

బట్టీ పట్టిన సారా

మద్యము లన్నింటిలోను మత్తు కలిగించు పదార్థము ఒక్కటే. అది ఇథైల్ ఆల్కహాలు. చక్కెరగల రసమును ఈస్టు అను సూక్ష్మజీవి పులియబెట్టినప్పుడు ఆల్కహాలు, బొగ్గుపులుసు వాయువు పుట్టును. తాటికల్లు, ఈతకల్లు, ద్రాక్షసారా, బీరు ఈ విధముగా తయారగునవే. అయితే పులిసిన రసములో ఆల్కహాలు నూటికి సుమారు 15 పాళ్లు చేరుసరికి సాధారణముగా ఈస్టు దానిని తాళలేక పని మానును. ప్రకృతి పెట్టిన ఈ హద్దును మానవుడు బట్టీ పట్టుట ద్వారా దాటెను. నీటికన్న ముందుగా మరుగు ఆల్కహాలును ఆవిరిగా పట్టి, చల్లార్చి, గాఢమైన సారాను తయారు చేయ నేర్చెను.

గాఢమైన సారా చౌకగా లభించినప్పుడు ఏమగునో పదునెనిమిదవ శతాబ్దపు లండను నగరము చూచినది. ధాన్యము నుండి తీసిన జిన్ను అను సారా వీధి వీధిని అమ్ముడయ్యెను. 1726 లో లండను వైద్యుల కళాశాల వారు పార్లమెంటునకు ఒక విజ్ఞప్తి పంపి, ఈ త్రాగుడు ప్రజల ఆరోగ్యమును, పుట్టబోవు బిడ్డలను చెరచుచున్నదని హెచ్చరించిరి. వైద్యులు ఒక సంఘముగా త్రాగుడును ప్రజారోగ్య సమస్యగా ఎత్తి చూపిన తొలి సందర్భములలో ఇది యొకటి.

పార్లమెంటు 1736 లో కఠినమైన చట్టము చేసినది. జిన్ను అమ్ముటకు సంవత్సరమునకు 50 పౌనుల లైసెన్సు, గ్యాలనునకు 20 షిల్లింగుల పన్ను విధించినది. చిన్న వర్తకులకు అది మోయరాని భారము. ఫలితముగా వ్యాపారము ఆగలేదు; రహస్యముగా సాగినది. 1743 లో ఆ చట్టమును రద్దు చేసిరి. 1751 లో చేసిన చట్టము మరి కొంత నేర్పుగా దుకాణములను అదుపులో పెట్టినది. ఆ తరువాత జిన్ను వాడుక తగ్గినది. పన్ను, లైసెన్సు, దుకాణముల సంఖ్య అను సాధనములకు శక్తి కలదనియు, వానిని వాడుటలో కొలత తప్పరాదనియు ఈ అనుభవము తెలిపినది.

వ్యాధి అను పేరు

అమెరికా వైద్యుడు బెంజమిన్ రష్ 1784 ప్రాంతమున గాఢ సారాల దుష్ఫలితములను గూర్చి ఒక చిన్న పుస్తకము వ్రాసెను. త్రాగుబోతుల చికిత్సకు ప్రత్యేక గృహము లుండవలెనని కూడ ఆయన సూచించెను. స్కాట్లండు వాడైన థామస్ ట్రాటర్ బ్రిటిషు నౌకాదళమున వైద్యుడు. ఆయన 1788 లో ఎడింబరో విశ్వవిద్యాలయమునకు త్రాగుడును గూర్చియే సిద్ధాంత వ్యాసము సమర్పించి, 1804 లో దానిని విస్తరించి గ్రంథముగా ప్రకటించెను. త్రాగుడు అలవాటు మనస్సునకు కలిగిన వ్యాధి యని ఆయన మతము. వ్యాధియైనచో రోగిని తిట్టుట వలన ప్రయోజనము లేదు. అతని విశ్వాసమును సంపాదించి, అతని అలవాటు ఎట్లు పుట్టినదో తెలిసికొని, ఓర్పుతో చికిత్స చేయవలెను.

1813 లో థామస్ సటన్ అను ఆంగ్ల వైద్యుడు, మితిమీరి త్రాగువారిలో కనిపించు వణుకు, సంధి, భ్రమలతో కూడిన స్థితికి 'డెలీరియం ట్రెమెన్స్' అను పేరు పెట్టెను. చాల కాలము విడువక త్రాగినవాడు హఠాత్తుగా మానినప్పుడు ఇది కలుగునని తరువాత స్పష్టపడినది. మూర్ఛలు, ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. కనుక బాగుగా అలవాటు పడినవానిని "ఈ పూటనుండి మానివేయుము" అని ఇంటికి పంపుట క్షేమము కాదు. వైద్యుని పర్యవేక్షణలో మాన్పించవలెను. 1849 లో స్వీడను దేశపు వైద్యుడు మాగ్నస్ హుస్ దీర్ఘకాలపు త్రాగుడు వలన నరములకు, జీర్ణకోశమునకు, కాలేయమునకు కలుగు మార్పులను వర్ణించి, వాని నన్నింటిని కలిపి 'ఆల్కహాలిజము' అను పదమును సృష్టించెను.

ఇట్లు పేరు వచ్చినది గాని, దానితోపాటు ఒక ఇబ్బంది కూడ వచ్చినది. 'ఆల్కహాలిజము' గలవాడు, లేనివాడు అని మనుష్యులు రెండు తెగలుగా చీలిరి. 1935 లో అమెరికాలోని ఆక్రను పట్టణమున బిల్ విల్సను, రాబర్ట్ స్మిత్ అను ఇరువురు ప్రారంభించిన 'ఆల్కహాలిక్స్ అనానిమస్' సంఘము అనేకులకు చేయూత నిచ్చినది. 1960 లో జెల్లినెక్ అను పండితుడు వ్యాధి సిద్ధాంతమును విపులముగా చర్చించుచు గ్రంథము వ్రాసెను. ఈ కృషి వలన త్రాగుబోతునకు కొంత గౌరవము, ఆసుపత్రిలో చోటు లభించినవి. అయితే వారమునకు నాలుగు దినములు త్రాగుచు, పనికి పోవుచు, ఇంటిని నడుపుచున్న సామాన్యుడు "నేను త్రాగుబోతును కాను గదా" అని నిశ్చింతగా నుండెను. అతనిని అడుగువాడు లేడు.

ఒక వంపు గీత

ఈ రెండు తెగల భావనను కదల్చినవి లెక్కలు. ఫ్రాన్సు దేశమున రెండవ ప్రపంచ యుద్ధ కాలమున ద్రాక్షసారాకు రేషను పెట్టిరి. పారిస్ నగరములో సిరోసిస్ అను కాలేయ వ్యాధి మరణములు బాగుగా పడిపోయినవి. రేషను ఎత్తివేసిన తరువాత మరల పెరిగినవి. త్రాగుబోతు ఎట్లయినను సంపాదించి త్రాగునని అందరు అనుకొనుచుండగా, మొత్తము సరఫరా తగ్గినప్పుడు అధికముగా త్రాగువారికి కూడ మేలు జరిగినట్లు ఈ లెక్కలు చూపినవి.

1956 లో సల్లీ లెడర్మాన్ అను ఫ్రెంచి గణాంక శాస్త్రజ్ఞుడు జనాభాలో త్రాగుడు పంపిణీని గూర్చి ఒక సిద్ధాంతము ప్రకటించెను. ఎవరు ఎంత త్రాగుదురో గీత గీచినచో మితముగా త్రాగువారి గుట్ట యొకటి, అమితముగా త్రాగువారి గుట్ట యొకటి విడివిడిగా కనబడవనియు, ఎడమ ప్రక్క ఎత్తుగా లేచి కుడి ప్రక్కకు క్రమముగా వాలు ఒకే వంపు గీత ఏర్పడుననియు ఆయన చెప్పెను. ఆయన ఇచ్చిన గణిత సూత్రము ప్రతి చోట ఖచ్చితముగా సరిపోవునని తరువాతివారు అంగీకరింపలేదు. కాని రెండు తెగల మధ్య స్పష్టమైన గట్టు లేదను అంశము, సంఘపు సగటు పెరిగినకొలది అమితముగా త్రాగువారి సంఖ్య కూడ పెరుగు నను అంశము నిలిచినవి. 1975 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకారముతో వెలువడిన ఒక అంతర్జాతీయ నివేదిక వీనిని ప్రజారోగ్య విధానమునకు పునాదిగా నిలిపెను.

దీని నుండి ఒక విచిత్రమైన ఫలితము వచ్చుచున్నది. ఉదాహరణకు ఒక ప్రాంతమున 1000 మంది త్రాగువారున్నారనుకొందము. వారిలో అమితముగా త్రాగువారు 50 మంది. వీరిలో నూటికి 20 మందికి సంవత్సరములో ఏదో యొక ప్రమాదము జరుగుననుకొందము. అనగా 10 ప్రమాదములు. మిగిలిన 950 మందిలో నూటికి ఇద్దరికే ప్రమాదము జరుగుననుకొనినను మొత్తము 19 ప్రమాదము లగును. ఒక్కొక్కరి అపాయము తక్కువయైనను, మంది ఎక్కువ కనుక మొత్తము హానిలో ఎక్కువ భాగము మధ్యస్థుల నుండి వచ్చుచున్నది. ఆంగ్ల వైద్యుడు జెఫ్రీ రోజ్ 1981 లో గుండెజబ్బుల విషయమున ఈ తర్కమును వివరించెను. 1986 లో నార్మన్ క్రైట్మాన్ దీనిని మద్యపానమునకు అన్వయించెను. తీవ్రమైన త్రాగుబోతులకు మాత్రమే చికిత్స చేయుచు కూర్చున్నచో సమస్యలో పెద్ద భాగము చేతికి అందదని దీని వలన తేలినది. మరి మధ్యస్థులు ఎక్కడ దొరకుదురు? వారు త్రాగుడు మాన్పించు ఆసుపత్రికి రారు. దగ్గు, నొప్పి, జ్వరము వచ్చినప్పుడు సాధారణ వైద్యుని వద్దకు వత్తురు.

మాటకు గల బలము

సాధారణ వైద్యుడు చెప్పు నాలుగు మాటల వలన అలవాటు మారునా? 1977 లో గ్రిఫిత్ ఎడ్వర్డ్స్, జిమ్ ఆర్ఫర్డ్, వారి సహచరులు లండనులో చేసిన ఒక పరిశీలన అనేకులను ఆశ్చర్యపరచినది. త్రాగుడు సమస్యతో వచ్చిన 100 మంది వివాహితులైన పురుషులను వారు రెండు వర్గములుగా విభజించిరి. ఒక వర్గమునకు నెలల తరబడి పూర్తి చికిత్స. రెండవ వర్గమునకు, భార్య సమక్షమున, ఒకే మారు వివరమైన సలహా. సంవత్సరము గడచిన తరువాత ఉభయ వర్గముల ఫలితములలో చెప్పుకోదగిన భేదము కనిపింపలేదు.

1979 లో మైకేల్ రసెల్, ఆయన మిత్రులు లండనులోని 28 మంది సాధారణ వైద్యుల సహాయముతో 2138 మంది పొగత్రాగువారిని పరిశీలించిరి. వైద్యుడు ఒకటి రెండు నిమిషములు సలహా చెప్పి, ఒక కరపత్ర మిచ్చి, మరల విచారింతునని చెప్పిన వర్గములో నూటికి 5.1 మంది పొగ మాని సంవత్సరాంతము వరకు నిలిచిరి. ఏమియు చెప్పని వర్గములో నూటికి 0.3 మంది మాత్రమే. అయిదు శాతము చిన్న సంఖ్య. కాని దేశములోని వైద్యులందరు తమ వద్దకు వచ్చు ప్రతి పొగరాయునికి ఈ మాట చెప్పినచో ఎంత పెద్ద సంఖ్య అగునో ఊహింపవచ్చును.

స్వీడనులోని మాల్మో నగరమున హాన్స్ క్రిస్టెన్సన్ మరియొక మార్గమున పోయెను. కాలేయమునకు సంబంధించిన గామా గ్లుటమైల్ ట్రాన్స్‌ఫరేజ్ అను ఎంజైము అధికముగా త్రాగువారి రక్తములో హెచ్చును. నడివయస్సు పురుషులకు రక్తపరీక్ష చేసి, ఈ ఎంజైము హెచ్చుగా నున్నవారిలో ఒక వర్గమును క్రమముగా పిలిపించి, వారి అంకెను వారికే చూపుచు, త్రాగుడు తగ్గించిన అంకె ఎట్లు దిగునో తెలిపిరి. 1983 లో ప్రకటించిన ఫలితముల ప్రకారము, ఈ వర్గమువారు జబ్బు సెలవు పెట్టిన దినములు, ఆసుపత్రిలో గడపిన దినములు రెండవ వర్గముకన్న తక్కువ. 1988 లో పాల్ వాలెస్, ఆయన సహచరులు బ్రిటనులోని 47 వైద్యశాలలలో 909 మందిపై పరిశీలన జరిపిరి. సలహా పొందిన పురుషులలో అధికముగా త్రాగువారి సంఖ్య సంవత్సరములో నూటికి 44 వంతులు తగ్గగా, సలహా పొందని పురుషులలో 26 వంతులు తగ్గినది. స్త్రీలలో ఈ అంకెలు 48, 29.

సలహా పొందనివారు కూడ కొంత తగ్గుట గమనింపదగినది. తమ త్రాగుడును గూర్చి ఒకరు విచారించి వ్రాసికొనుటయే మనిషిని ఆలోచింపజేయుట దీనికి ఒక కారణము కావచ్చును.

పది ప్రశ్నలు

1978 లో ఆల్మా ఆటా నగరమున జరిగిన అంతర్జాతీయ మహాసభ, ప్రాథమిక ఆరోగ్య సేవయే ప్రజలందరి ఆరోగ్యమునకు మూలమని ప్రకటించినది. తరువాత 1982 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆస్ట్రేలియా, బల్గేరియా, కెన్యా, మెక్సికో, నార్వే, అమెరికా అను ఆరు దేశములలో ఒక పరిశోధన ప్రారంభించినది. రక్తపరీక్ష అన్ని చోట్ల సాధ్యము కాదు. ఏ దేశమునందైనను, ఏ భాషయందైనను అడుగదగిన ప్రశ్నలు కావలెను. జాన్ సాండర్స్, ఓలాఫ్ ఆస్లాండ్, థామస్ బేబర్ మొదలగువారు 1888 మందిని వివరముగా పరిశీలించి, అనేక ప్రశ్నల నుండి పదింటిని ఏరిరి. ఈ పట్టికకు 'ఆడిట్' అని పేరు. దీని శాస్త్రీయ వివరణము 1993 లో వెలువడెను.

మొదటి మూడు ప్రశ్నలు త్రాగుడు కొలతను గూర్చినవి. ఎంత తరచుగా త్రాగుదురు, త్రాగిన దినమున ఎన్ని కొలతలు, ఒకే పర్యాయము ఆరు కొలతలు లేక అంతకు మించి త్రాగుట ఎంత తరచు. తరువాతి మూడు ప్రశ్నలు పరాధీనతను గూర్చినవి. మొదలు పెట్టిన పిమ్మట ఆపలేకపోవుట, చేయవలసిన పని చేయలేకపోవుట, ఉదయముననే త్రాగవలసి వచ్చుట. చివరి నాలుగు హానిని గూర్చినవి. త్రాగినందులకు పశ్చాత్తాపము, రాత్రి జరిగినది గుర్తు లేకపోవుట, తనకో ఇతరులకో దెబ్బలు తగులుట, బంధువులుగాని వైద్యుడుగాని తగ్గించుమని చెప్పుట. ఒక్కొక్క ప్రశ్నకు సున్న నుండి 4 వరకు మార్కులు, మొత్తము 40. తొలి పరిశోధనలో అపాయకరముగా లేక హానికరముగా త్రాగువారిలో నూటికి 92 మందికి 8 గాని అంతకు మించి గాని మార్కులు వచ్చినవి. అట్టి అపాయము లేనివారిలో నూటికి 94 మందికి 8 కన్న తక్కువ వచ్చినవి.

2001 నాటి మార్గదర్శక గ్రంథము ప్రకారము 8 నుండి 15 వరకు వచ్చినవారికి సులభమైన సలహా చాలును. 16 నుండి 19 వరకు వచ్చినవారికి కొంత వివరమైన సలహా ఇచ్చి, మరల మరల విచారింపవలెను. 20 గాని అంతకు మించి గాని వచ్చినవారిని పరాధీనత కలదేమో పరీక్షించి చికిత్సకు పంపవలెను. ఇక్కడ త్రాగుబోతు, త్రాగుబోతు కానివాడు అను రెండే పెట్టెలు లేవు. మెట్లు ఉన్నవి, మెట్టునకు తగిన సహాయ మున్నది.

'కొలత' అనగా నేమో తెలియనిదే ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుట కష్టము. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక కొలతను 10 గ్రాముల శుద్ధ ఆల్కహాలుగా తీసికొన్నది. మన దేశమున అమ్ము విస్కీ, బ్రాందీ, రమ్ములలో ఆల్కహాలు సాధారణముగా ఘనపరిమాణమున నూటికి 42.8 పాళ్లు. ఆల్కహాలు సాంద్రత 0.79. కనుక 30 మిల్లీలీటర్ల పెగ్గులో 30 × 0.428 × 0.79 = సుమారు 10 గ్రాములు, అనగా ఒక కొలత. 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసాలో ఆరు కొలతలు. నూటికి 5 పాళ్ల బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 26 గ్రాములు. 8 పాళ్లదైనచో 41 గ్రాములు. "బీరే గదా, సారా కాదు గదా" అనుమాట ఈ లెక్క ముందు నిలువదు. ఆరోగ్యవంతుని కాలేయము గంటకు సుమారు 7 నుండి 10 గ్రాముల ఆల్కహాలును మాత్రమే దహింపగలదు. కనుక క్వార్టరు సీసా త్రాగినవాని రక్తము శుభ్రపడుటకు ఆరు గంటలకు పైగా పట్టును. చన్నీటి స్నానము, మజ్జిగ, కాఫీ ఈ కాలమును తగ్గింపలేవు.

పరీక్షకు నిలిచినదెంత?

శాస్త్రము తన ఆశలను కూడ కొలువవలెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ వివిధ దేశములలో 1260 మంది పురుషులు, 299 మంది స్త్రీలపై జరిపించిన పరిశీలన 1996 లో వెలువడినది. స్వల్ప సలహా పొందిన పురుషులు పొందనివారికన్న దినమునకు సుమారు 17 శాతము తక్కువ త్రాగుచుండిరి. 2018 నాటి కాక్రేన్ సమీక్షలో 69 పరిశీలనలు, 33,642 మంది వ్యక్తులు చేరిరి. సలహా పొందినవారు సంవత్సరము తరువాత వారమునకు సగటున 20 గ్రాములు, అనగా రెండు కొలతలు, తక్కువ త్రాగుచుండిరి. ఇది గొప్ప అద్భుతము కాదు. శూన్యము కూడ కాదు. 2013 లో బ్రిటనులోని 29 వైద్యశాలలలో జరిగిన పరిశీలనలో, ఫలితమును తెలిపి కరపత్రము చేతికిచ్చిన వర్గమునకును, దానికి తోడు సలహా కూడ చెప్పిన వర్గమునకును తేడా కనిపింపలేదు.

మరియొక అడ్డంకి వైద్యుని వైపే యున్నది. వేళ చాలదు, అడిగినచో రోగి నొచ్చుకొనునేమో అని సంకోచము, అడిగి, అవునన్న పిమ్మట ఏమి చేయవలెనో నేర్పినవారు లేరు. మందు చీటీలో వ్రాయుటకు ఏమియు లేని చోట ప్రశ్న అడుగుట వ్యర్థమని తోచును. అందుచే పట్టిక ఉన్నను ప్రశ్న నోట రాదు.

తెలుగు నాట

మన ప్రాంతమున త్రాగుడుపై పోరాటము ముఖ్యముగా చట్టము ద్వారా సాగినది. 1937 లో రాజగోపాలాచారి ప్రభుత్వము సేలం జిల్లాలో మద్యనిషేధము ప్రారంభించి, 1938 లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించెను. 1948 లో మద్రాసు రాష్ట్రమంతట నిషేధము అమలయ్యెను. భారత రాజ్యాంగము 47 వ అధికరణమున మద్యనిషేధమును రాజ్యము సాధింపవలసిన లక్ష్యములలో చేర్చినది. 1953 లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రమున ఈ విషయముపైననే వివాదము రేగి, 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము పడిపోయినది. 1992 లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు అక్షరాస్యతా తరగతులలో కలిసికొని సారా దుకాణములపై లేచిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి 1993 అక్టోబరులో సారా నిషేధమునకు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకు దారి తీసినది. 1997 లో సంపూర్ణ నిషేధమును సడలించిరి.

కూలి డబ్బు దుకాణము పాలగుటను, ఇంటిలో దెబ్బలను అనుభవించినవారు ఆ మహిళలు. త్రాగుడు హాని త్రాగువానితో ఆగదని గణాంకములకు ముందే వారు చాటిరి. అయితే దుకాణము మూసినను తెరచినను, అప్పటికే అలవాటు పడిన పురుషునకు చేయూత నిచ్చు ఏర్పాటు వేరుగా కావలెను. భోర్ సంఘము 1946 లో సూచింపగా 1952 నుండి ఏర్పడిన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు కలరా, మలేరియా, ప్రసూతి పనులలో మునిగి యుండెను. త్రాగుడు ఆబ్కారీ శాఖ విషయముగానే మిగిలెను.

2019 లో ప్రకటింపబడిన జాతీయ పరిశీలన ప్రకారము దేశమున 10 నుండి 75 సంవత్సరముల వయస్సు వారిలో నూటికి 14.6 మంది, అనగా సుమారు 16 కోట్ల మంది, మద్యము సేవించుచున్నారు. పరాధీనతకు లోనైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో యొక చికిత్స పొందినట్లు చెప్పిరి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 సంవత్సరములు దాటిన పురుషులలో మద్యము త్రాగువారు దేశము మొత్తము మీద నూటికి 19 మంది కాగా తెలంగాణములో 43 మంది.

గోవా ప్రయోగము

ఇంత పెద్ద పనికి మనోవైద్య నిపుణులు చాలరు. ఈ చిక్కునకు గోవాలో జరిగిన ప్రయోగము ఒక దారి చూపినది. అభిజిత్ నద్కర్ణి, విక్రమ్ పటేల్, వారి సహచరులు పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రములకు వచ్చిన పురుషులను ఆడిట్ ప్రశ్నలు అడిగి, 12 నుండి 19 మార్కులు వచ్చిన 377 మందిని చేర్చుకొనిరి. వీరిలో సగము మందితో, వైద్య విద్య లేని స్థానిక సలహాదారులు, తగిన శిక్షణ పొంది, నాలుగు పర్యాయముల వరకు కూర్చుండి మాటలాడిరి. త్రాగుడు తనకేమి ఇచ్చుచున్నది, ఏమి తీసికొనుచున్నది అని రోగి చేతనే చెప్పించుట, మిత్రులు పిలిచినప్పుడు ఎట్లు కాదనవలెనో అభ్యసింపజేయుట వారి పద్ధతి. 2017 లో వెలువడిన ఫలితముల ప్రకారము మూడు నెలలలో ఈ వర్గమున నూటికి 36 మంది, రెండవ వర్గమున 26 మంది ఆడిట్ మార్కులు 8 కన్న దిగువకు వచ్చిరి. సంవత్సరము నాటికి ఈ అంకెలు 54, 32. అయితే త్రాగుట మానక కొనసాగించినవారు త్రాగు పరిమాణమున తేడా రాలేదు. మూడు నెలలలో ఇంటిలోని హింస విషయమున కూడ మార్పు కనిపింపలేదు. కనుక ఇది ఒక సాధనమే. సర్వరోగ నివారిణి కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 లో ఒక ప్రపంచ వ్యూహమును ఆమోదించి, 2018 లో అయిదు ముఖ్య చర్యలను సూచించెను. మద్యము దొరకు వేళలను, చోట్లను పరిమితము చేయుట, త్రాగి వాహనము నడపుటను అరికట్టుట, ఆరోగ్య కేంద్రములలో ప్రశ్న, సలహా, చికిత్స అందుబాటులో నుంచుట, ప్రకటనలను నిషేధించుట, పన్ను ద్వారా ధర పెంచుట. లండను జిన్ను చట్టములు, పారిస్ రేషను, నెల్లూరు మహిళల ఉద్యమము నేర్పినవి ఈ జాబితాలో కనబడును. వైద్యుని ప్రశ్న మూడవ స్థానమున నున్నది. ఆ సంస్థ లెక్క ప్రకారము 2019 లో ప్రపంచమున 26 లక్షల మరణములకు మద్యము కారణము. మద్యము క్యాన్సరును కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988 లోనే నిర్ధారించి యున్నది.

ఈ పనిలో ఉన్నత పాఠశాలకును ఒక భాగ మున్నది. ఒక సీసాలో ఎన్ని గ్రాముల ఆల్కహాలున్నదో లెక్క కట్టుట పదవ తరగతి విద్యార్థికి కష్టము కాదు. రక్తపు పోటును గూర్చి అడిగినట్లే త్రాగుడును గూర్చి కూడ వైద్యుడు అడుగుననియు, అది అవమానము కాదనియు విద్యార్థి నేర్చుకొని ఇంటిలో చెప్పగలడు. తండ్రినో మేనమామనో తోడ్కొని ఆరోగ్య కేంద్రమునకు పోయిన నాడు, వైద్యుడు అడుగక ముందే ఆ మాట ఎత్తగలడు. రోగి వైపు సంకోచము తగ్గినచో వైద్యుని వైపు సంకోచము కూడ తగ్గును.